నెట్టాకు ఏమీ తెలియదు

ప్రతి ఏటా జనవరిలో, కొత్త సంవత్సరం మత్తు ఎడిన్‌బరోకి ఇంకా పూర్తిగా దిగకముందే, నెట్టా పర్వెస్ జార్జి వీధిలో ఉన్న డన్‌కారిక్ మ్యూచువల్ అనే బీమా కంపెనీ ఆఫీసుకు వెళ్ళి, మూడో అంతస్తు ఎక్కి, తనకు ఏమీ తెలియదని రాసి ఉన్న కాగితం మీద సంతకం పెట్టి వచ్చేది. అలా పంతొమ్మిదేళ్ళు పెట్టింది. ఆవిడకేమీ మతి పోలేదు. అది ఆవిడ ఉద్యోగం.

ఆ మూడో అంతస్తులో ఉండేవాళ్ళు లెక్కల పెద్దలు. యాక్చువరీలంటారు. మనిషి ఎన్నాళ్ళు బతుకుతాడు, బతికినన్నాళ్ళూ ఎంత ఇవ్వాలి, అంతకన్నా తక్కువ ఇచ్చి ఎలా బయటపడాలి అని తేల్చే జాతి. పది పన్నెండు పరీక్షలు గట్టెక్కితే గాని ఎవణ్ణీ తమలో కలుపుకోరు. లెక్కల పరీక్షలన్నీ మంచినీళ్ళు తాగినంత తేలిగ్గా రాసేసిన కుర్రాళ్ళు చిట్టచివరి పరీక్ష దగ్గర బోర్లా పడేవారు. ఏమిటయ్యా ఆ పరీక్ష అంటే, మామూలు మనిషికి అర్థమయ్యేలా ఒక్క ఉత్తరం రాయడం. ఇంతేనా అనుకుంటాం. ఆ ఇంతే వాళ్ళకి చేతకాలేదు. "ప్రియమైన అమ్మగారూ, భవిష్యత్ బాధ్యతల ప్రస్తుత విలువను పరిగణనలోనికి తీసుకొనినచో" అని మొదలుపెట్టి, నాలుగో వాక్యానికి ఆ అమ్మగారిని పూడ్చిపెట్టేవారు.

వీళ్ళకి ఉత్తరం రాయడం నేర్పి, మార్కులు వేసే పెద్దమనిషి పేరు కాలిన్ డ్రైస్‌డేల్. మనిషికి మనిషి ఎలా చెప్పాలో ఊరందరికీ పాఠం చెప్పే ఈయన, ఇరవై ఏళ్ళలో లిఫ్టులో పక్కవాడితో ఒక్క ముక్క మాట్లాడిన పాపాన పోలేదు. కోటు జేబులో మాత్రం ఎప్పుడూ ఎర్ర సిరా కలం ఉండేది. ఎక్కడ కాగితం కనబడినా దాని మీద మార్కులు వేసేదాకా ఆ చెయ్యి ఊరుకునేది కాదు. ఓసారి క్యాంటీన్ మెనూ మీద కూడా వేశాడు. నలభై రెండు.

నెట్టా అప్పట్లో ఆ అంతస్తులో టీ బండి తోసేది. ఊరి ఓడరేవు పక్కనున్న లీత్‌లో పుట్టింది, పదిహేనో ఏట బడి మానేసి బిస్కెట్ల ఫ్యాక్టరీలో చేరింది, మొగుడు పోయాక ఇక్కడికి వచ్చింది. ఓ రోజు డ్రైస్‌డేల్ కమిటీ కూర్చుని తల పట్టుకుంది. కుర్రాళ్ళు రాసిన ఉత్తరాలు మామూలు మనిషికి అర్థమవుతాయో లేదో చెప్పడానికి ఒక మామూలు మనిషి కావాలి.

"బొత్తిగా ఏమీ తెలియని మనిషి అయ్యుండాలి," అన్నాడు డ్రైస్‌డేల్.

అందరూ ఆలోచించారు. వాళ్ళెరిగినవాళ్ళలో మామూలు మనిషి ఒక్కరూ తట్టలేదు. అంతలో తలుపు తోసుకుని టీ బండి లోపలికి వచ్చింది. అందరూ ఒక్కసారే తలెత్తి నెట్టా వంక చూశారు. సంతలో గొర్రెని చూసినట్టు చూశారని ఆవిడ తర్వాత అక్కతో చెప్పుకుంది.

అలా నెట్టా 'సామాన్య పాఠకురాలు' అయింది. మెడలో ఆ మాట రాసిన బిళ్ళ, చేతిలో మూడు రంగుల అట్టలు. ఉత్తరం చదివి, అర్థమైతే ఆకుపచ్చ, సగం సగం అర్థమైతే పసుపు, కాకపోతే ఎరుపు ఎత్తాలి. ఆ అట్టకి నూటికి పదిహేను మార్కులు. మిగతా మార్కులు డ్రైస్‌డేల్ పంచిపెట్టాడు. చక్కగా పలకరిస్తే పది. చక్కగా సెలవు తీసుకుంటే పది. మాట మెత్తగా ఉంటే పాతిక. కష్టమైన మాటలు లేకపోతే పాతిక. అచ్చు బాగుంటే ఐదు. పొట్టిగా ఉంటే ఐదు. నిజం రాస్తే ఐదు.

అవును, ఐదే. నేను తప్పు చెప్పడం లేదు, మీరు తప్పు చదవడం లేదు.

ఉద్యోగానికి ఒకటే షరతు. ఆ లెక్కల శాస్త్రం ఆవిడకి తెలియకూడదు. అందుకే జనవరిలో ఆ సంతకం. కానీ ఏడాదికి నూరు ఉత్తరాలు చదివే మనిషికి, అవే నాలుగైదు సంగతులు నూరుమంది నూరు రకాలుగా విడమరిచి చెబుతుంటే, ఎన్నాళ్ళని అర్థం కాకుండా ఉంటుంది? నాలుగో ఏటికల్లా నెట్టాకి పింఛను లెక్కలు, హామీలు, ఆయుర్దాయం పట్టికలు కొట్టినపిండి అయిపోయాయి. విడమరిచి చెప్పడాన్నే పరీక్ష పెట్టే ఆ మహానుభావులకి, విడమరిచి చెబితే విన్నవాడికి ఎప్పటికో అప్పటికి అర్థమవుతుందన్న ఆలోచన మాత్రం కలలో కూడా రాలేదు. అర్థమయ్యేలా చెప్పడం అనేది జరగగల పని అని వాళ్ళు నమ్మితే గదా.

నెట్టా ఆ రహస్యం కడుపులో దాచుకుంది. టీ బండి ఎప్పుడో తీసేశారు. ఇప్పుడు ఇంటికి శీతాకాలం గ్యాసు బిల్లు కట్టేది ఈ బిళ్ళే. అందుకని గుడ్లప్పగించి చూడటం సాధన చేసింది. బండి ఉన్న రోజుల్లో ఒక్కసారి మాత్రం నోరు జారి, "ఆ వడ్డీ ఏడాదికా, నెలకా బాబూ?" అనేసింది. గదిలో అందరూ తలలు తిప్పారు. "ఏంలేదు, చక్కెర ఎవరికైనా కావాలేమోనని," అని సర్దుకుంది. అందరూ తృప్తిపడి మళ్ళీ కాగితాల్లో తలలు దూర్చారు.

ఇలా పంతొమ్మిదేళ్ళు గడిచాక, ఆ వసంతంలో డ్రైస్‌డేల్‌కి ఒక గొప్ప ఆలోచన వచ్చింది. పరీక్షకి ఊహించిన ప్రశ్న ఎందుకు, నిజంగా పంపాల్సిన ఉత్తరమే రాయిద్దాం, ఎవరిది నెగ్గితే దాన్నే పదకొండు వేలమందికి పంపేద్దాం అన్నాడు.

ఆ పదకొండు వేలమందీ వెనకటికి ఇంటింటికీ తిరిగి వారం వారం డబ్బు వసూలు చేసిన మ్యూచువల్ ఏజెంటు దగ్గర పాలసీ కట్టినవాళ్ళు. బిస్కెట్లు చేసినవాళ్ళు, రేవులో మూటలు మోసినవాళ్ళు, బడి వంటగదుల్లో బంగాళాదుంపలు ఒలిచినవాళ్ళు. వందకి పదకొండు చొప్పున ఏటేటా, బతికినన్నాళ్ళూ ఇస్తామని మ్యూచువల్ అప్పట్లో రాసి ఇచ్చింది. ఇప్పుడు బయట వందకి ఆరు కన్నా ఎక్కువ రాదు. ఇచ్చిన మాట మ్యూచువల్‌కి గొంతులో ముల్లయింది. ఆ హామీని జనం చేతే, సంతకం పెట్టించి, వదిలించుకోవాలి. ఉత్తరం పని అదీ.

ఆ పదకొండు వేలమందిలో నెట్టా అక్క ఎఫీ ఒకతె. ఆవిడ పాలసీలో పదివేల పౌండ్లు పోగయ్యాయి. ఇంకో రెండేళ్ళలో ఏటా పదకొండు వందలు అందుకోవాలి.

నెగ్గే ఉత్తరం లాక్లన్ టెన్నంట్ అనే కుర్రాడిది. ఇరవై ఆరేళ్ళవాడు, బుగ్గలు యాపిల్ పళ్ళలా ఉంటాయి. గదిలో డ్రైస్‌డేల్, పక్కన భాష చూసే వెడర్‌బర్న్ అమ్మగారు, ఎదురుగా లాక్లన్, ఈ చివర నెట్టా. ఉత్తరం నెట్టా చేతికి వచ్చింది.

'మీరు మాకెంతో విలువైనవారు. ఇన్నేళ్ళ మీ నమ్మకానికి కృతజ్ఞతగా నాలుగు వందల పౌండ్ల కానుక అందిస్తున్నాం. మీ పాలసీని మరింత సులువైన పద్ధతిలోకి మార్చుకోవడానికి వెనక సంతకం చేస్తే చాలు. మీ పింఛను ఎప్పటిలాగే మీదే. పాత నిబంధనలు ఇక మిమ్మల్ని ఇబ్బంది పెట్టవు.'

ఒక్క కష్టమైన మాట లేదు. పసిపిల్లాడు కూడా గడగడా చదివేస్తాడు. ఆకుపచ్చ ఎత్తితే ఇది ఎఫీ గుమ్మంలో పడుతుంది. ఎరుపు ఎత్తితే ఏ మాట అర్థం కాలేదని అడుగుతారు, చూపించడానికి మాటేదీ లేదు. అసలు సంగతి చెబితే జనవరి సంతకం అబద్ధమవుతుంది, బిళ్ళ పోతుంది. ఆవిడ కాసేపు మూడు అట్టలనీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తర్వాత ఎర్రది ఎత్తింది.

"ఏ మాట అర్థం కాలేదు నెట్టమ్మా?" డ్రైస్‌డేల్ కలం తీశాడు.

"మాటలన్నీ అర్థమయ్యాయి సార్."

"మరి ఎరుపెందుకు?"

"సంతకం పెడితే ఏం పోతుందో ఇందులో లేదు."

"పోవడమేమిటండీ, కానుక వస్తుంటే," అన్నాడు లాక్లన్ నవ్వుతూ.

"వందకి పదకొండు పోయి ఆరు మిగులుతుంది బాబూ. పదివేలు దాచుకున్న మనిషికి ఏటా ఐదొందలు బొక్క. ఆడమనిషి ఇంకో ఇరవై ఏళ్ళు బతుకుతుందని మీ పట్టికలే కదా చెప్తాయి. అంటే పదివేలు. దానికి మీరిచ్చేది నాలుగొందలు. దీన్ని మా లీత్‌లో కానుక అనరు."

"పదివేలు కాదండీ, రాబోయే డబ్బుని నేటి విలువకి తగ్గిస్తే ఐదువేల ఆరొందలే వస్తుంది," అన్నాడు లాక్లన్. పాపం, అలవాటు.

"సరే, తగ్గించుకో. ఐదువేల ఆరొందలకి నాలుగొందలా?"

అందరూ నెట్టా వంకే చూశారు. వీళ్ళకి మనస్సాక్షి కదిలిందేమోనని అనుకోకండి. గొర్రె మాట్లాడిందని ఆశ్చర్యం, అంతే. డ్రైస్‌డేల్ సొరుగు తీసి జనవరి కాగితం బల్ల మీద పరిచాడు.

"ఇది మీ సంతకమేనా?"

"నాదే సార్."

"మీకు ఇదంతా తెలుసన్నమాట."

"మీరే నేర్పారు సార్, పంతొమ్మిదేళ్ళు."

"తెలిసినప్పుడు మీరు సామాన్య పాఠకురాలు కారు. మీ ఎర్ర అట్ట చెల్లదు."

అప్పుడు వెడర్‌బర్న్ అమ్మగారు కళ్ళద్దాలు తీసి, ఎంతో మెత్తగా ఒక మాట అంది. "ఇంకోలా చూడండి కాలిన్. టీ బండి తోసిన ఆవిడ ఈ ఉత్తరం చదివి ఇంత లోతుగా అర్థం చేసుకుందంటే, ఉత్తరం ఎంత స్పష్టంగా ఉన్నట్టు?"

డ్రైస్‌డేల్ ముఖం విప్పారింది. నెట్టా ఒళ్ళో ఉన్న ఆకుపచ్చ అట్ట తీసి తనే ఉత్తరం మీద పెట్టాడు. పదిహేనుకి పదిహేను. లాక్లన్ పరీక్ష పాసయ్యాడు. ఉత్తరం అచ్చుకి వెళ్ళింది. మీ సంగతి తర్వాత చూద్దాం అని నెట్టాని ఇంటికి పంపేశారు.

పది రోజుల తర్వాత ఆ ఉత్తరం ఎఫీ ఇంటికి వచ్చింది. అక్కచెల్లెళ్ళిద్దరిదీ ఒకే మేడ. ఎఫీ కింద, నెట్టా అన్నిటికన్నా పైన, మూడో అంతస్తులో. నెట్టా దిగివచ్చేసరికి ఎఫీ ఉత్తరాన్ని పొయ్యి పైన గడియారానికి ఆనించి, మాకరోనీ కూరిన రొట్టె తింటూ దాన్నే చూస్తోంది.

"చూశావుటే ఎంత మర్యాదగా రాశారో. నలభై ఏళ్ళ కాపురంలో మీ బావ ఒక్కనాడైనా నువ్వు నాకెంతో విలువైనదానివి అన్నాడా?"

"అక్కా, దాని మీద సంతకం పెట్టకు."

"ఏం, పెడితే? శుక్రవారం పోస్టాఫీసుకి ఎటూ వెళ్తాను. అట్నుంచటే డబ్బాలో వేసేస్తా. నాలుగొందలే. స్పెయిన్‌లో వారం రోజులు ఎండ కాచుకొస్తా."

"నీకు ఏటా పదకొండొందలు రావాలి. సంతకం పెడితే ఆరొందలే వస్తాయి. బతికినన్నాళ్ళూ అంతే."

"ఇందులో అలా లేదే."

"లేదనే కదా చెప్తున్నా."

"నీకేం తెలుసే?" ఎఫీ ఫోర్కు కింద పెట్టింది. "ప్రతి జనవరీ వచ్చి నువ్వే గదా పడీ పడీ నవ్వుతావు, నాకేం తెలీదని సంతకం పెట్టొచ్చానక్కా అని. ఇప్పుడు అంత చదువుకున్నవాళ్ళకంటే నీకే ఎక్కువ తెలిసిపోయిందా?"

పంతొమ్మిదేళ్ళు కడుపు కోసం ఆడిన ఆట ఇప్పుడు సొంత అక్క దగ్గర అడ్డం తిరిగింది. నెట్టాకి కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. మళ్ళీ చెప్పింది, ఇంకోలా చెప్పింది, ఆఖరికి అరిచింది. ఎంత అరిస్తే ఎఫీ అంత బిగుసుకుంది. "నోరు చేస్తే నిజమైపోదమ్మా," అని టీవీ పెట్టేసింది.

నెట్టా మెట్లెక్కి తన గుమ్మం ముందుకు వచ్చింది. తలుపు పిడికి అట్ట వేలాడుతోంది. ఎడిన్‌బరో మేడల్లో ఉన్నవాళ్ళకి ఆ అట్ట సంగతి చెప్పక్కర్లేదు. 'ఈ వారం మెట్లు కడిగే వంతు మీది' అని ఉంటుంది దాని మీద. కడిగినవాళ్ళు దాన్ని తర్వాతి గుమ్మానికి తగిలిస్తారు. ఎవరు రాశారని ఎవరూ అడగరు, ఎందుకని అడగరు. జ్వరంతో ఉన్నా లేచి కడుగుతారు. దేవుణ్ణి లెక్కచేయనివాళ్ళు కూడా దాని మాట జవదాటరు. ఎఫీ సరేసరి. మొగుడు పోయిన వారంలో కూడా వంతు తప్పనివ్వలేదు.

పై అంతస్తు తర్వాత వంతు మళ్ళీ కింద నుంచి మొదలు. అంటే ఎఫీది.

నెట్టా అప్పటికప్పుడు మెట్లు కడిగేసింది. ఆ తర్వాత అట్ట వెనక్కి తిప్పి లావుపాటి అక్షరాలతో రాసింది. 'మ్యూచువల్ కాగితం మీద సంతకం పెట్టొద్దు. పెడితే పింఛను దాదాపు సగం పోతుంది, చచ్చేదాకా. చదివి పక్క గుమ్మానికి చెప్పండి. మూడో అంతస్తు నెట్టా.' కిందికి దిగి దాన్ని ఎఫీ తలుపు పిడికి తగిలించి, తలుపు కొట్టకుండా వెళ్ళిపోయింది.

శుక్రవారం పొద్దున ఎఫీ పర్సు తీసుకుని, ఉత్తరం తీసుకుని, తలుపు తీసింది. అట్ట చేతికి తగిలింది. ముందు వైపు చదివింది, వెనక వైపు చదివింది. మళ్ళీ చదివింది. గొణుక్కుంటూ లోపలికి వెళ్ళి, ఉత్తరాన్ని చెత్తబుట్టలో వేసి, బకెట్టు తీసుకుని వచ్చింది.

"అట్ట మీద రాసుంటే ఇంకేం చేస్తాం," అంది ఎదురింటావిడతో. "పెట్టొద్దంటే పెట్టొద్దనే."

ఆ ఎదురింటావిడ చెల్లెలు పక్క వీధిలో ఉంది. వాళ్ళ మేడకీ ఒక అట్ట ఉంది. వాళ్ళు దాని వెనక ఇదే మాట ఎక్కించారు, నెట్టా పేరుతో సహా. బట్టలుతికే దుకాణంలో ఇంకొకరు చూసి రాసుకున్నారు, బింగో ఆడే హాల్లో ఇంకొకరు. రెండు వారాల్లో లీత్ వాక్ రోడ్డు పొడుగునా ప్రతి మేడలోనూ మెట్ల అట్ట వెనక అవే మూడు ముక్కలు. ఎవరో బుద్ధిమంతుడైన పాలసీదారుడు తమ మేడ అట్ట విప్పి, ఇది నిజమేనా దొరగారూ అని మ్యూచువల్‌కే పోస్టు చేశాడు. అలాంటివాడు ప్రతి ఊళ్ళోనూ ఒకడుంటాడు.

జార్జి వీధి నుంచి నెట్టాకి పిలుపు వచ్చింది. డ్రైస్‌డేల్ ఒక్కడే ఉన్నాడు. ఎదురుగా బల్ల మీద ఆ అట్ట ఉంది.

"ఇది మీరు రాసిందేనా?"

"అక్షరాలు నావి కావు సార్. మాటలు నావే."

"సంస్థ పరువు తీశారు," అన్నాడాయన. అంటూనే, తనకి తెలియకుండానే, ఎర్ర కలం మూత తీశాడు. చెయ్యి ఊరుకోదు గదా. పరువు గురించి, నమ్మకద్రోహం గురించి చెబుతూ చెబుతూ అట్ట అంచున అంకెలు వేసుకుంటూ పోయాడు. తలకిందులుగా ఉన్న అంకెలు చదవడం నెట్టాకి పాత అలవాటే. పలకరింపు సున్నా. సెలవు తీసుకోవడం సున్నా. మెత్తదనం సున్నా. 'చచ్చేదాకా' అన్నది కష్టమైన మాట అని ఆ పాతికా కోసేశాడు. అచ్చు సున్నా. పాఠకురాలి అట్ట లేదు కాబట్టి అదీ సున్నా. పొట్టిగా ఉన్నందుకు ఐదుకి నాలుగు. అడుగున తొమ్మిది అని వేసి దాని చుట్టూ గుండ్రంగా గీశాడు.

"నిజం రాసినందుకు ఐదుకి ఐదు వేశారు సార్," అంది నెట్టా.

డ్రైస్‌డేల్ చూసుకున్నాడు. కాస్త తత్తరపడ్డాడు. "నిజం నిజమే కదా. దాన్నెవరు కాదన్నారు?"

"మరి?"

"దానికి ఐదే మార్కులు నెట్టమ్మా. అది మీకూ తెలుసు." కలం మూత పెట్టాడు. "పదకొండు వేలమందిలో తొమ్మిది వేలమంది సంతకాలు పంపారు. ఒక్క మీ లీత్ నుంచే రాలేదు. ఉత్తరం అర్థం కాకపోతే అంతమంది పెట్టేవాళ్ళా?"

"అర్థమైతే పెట్టేవాళ్ళా సార్?"

ఆయన బిళ్ళ ఇచ్చేయమన్నాడు. నెట్టా మెడలోంచి తీసి బల్ల మీద పెట్టింది, మూడు రంగుల అట్టలూ పెట్టింది. మెట్ల అట్ట మాత్రం తీసి సంచిలో వేసుకుంది. అది మ్యూచువల్‌ది కాదు, ఎవరిదో మేడది. వాళ్ళు వంతు తెలియక అవస్థ పడుతుంటారు.

ఇంటికి వచ్చేసరికి ఎఫీ గుమ్మంలోనే ఉంది. అట్ట తీసుకుని ఎగాదిగా చూసింది.

"ఈ తొమ్మిదేంటే, ఎర్ర సిరాతో?"

"నాకొచ్చిన మార్కులక్కా."

"నూటికా?"

"నూటికే."

"తప్పావన్నమాట." ఎఫీ అట్ట తిప్పి మళ్ళీ చదివింది. పెదవులు కదుపుతూ, నెమ్మదిగా, చివరిదాకా చదివింది. "బాగానే అర్థమవుతోందే మరి. మిగతా ఊళ్ళవాళ్ళకి ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. తొమ్మిది వేలమంది పెట్టేశారు."

ఎఫీ లోపలికి వెళ్ళి, ఇద్దరికీ టీ పెట్టింది.